టికెట్లు కొట్టని కండక్టరు

నాలుగు నెలల క్రితం నన్ను ప్రాజెక్టులోంచి తీసేసి కొత్త బ్యాచ్‌కి ట్రైనింగు ఇమ్మన్నారు. "నువ్వు బాగా అర్థమయ్యేట్టు చెప్తావు కదా, అందుకే" అన్నాడు మేనేజరు. మన ఫీల్డులో ఈ మెచ్చుకోలుకి అసలు అర్థం ఏంటో మీకు విడిగా చెప్పక్కర్లేదు. రిలీజు చేసినవాడికి రేటింగు, పాఠం చెప్పినవాడికి థాంక్యూ మెయిలు. ఆ వారమంతా మొహం మాడ్చుకుని తిరిగాను. రెజ్యూమె కూడా దులిపి పైకి తీశాను.

ఆ శనివారం రాత్రి నిద్రపట్టక 'టార్' అనే సినిమా (2022) పెట్టుకున్నాను. అందులో హీరోయిన్ పేరుమోసిన ఆర్కెస్ట్రా కండక్టరు. చేసిన పాపాలన్నీ పండి, ఉద్యోగం ఊడి, చిన్నప్పటి ఇంటికి చేరుతుంది. అక్కడ ఓ పాత వీడియో క్యాసెట్ తీసి చూస్తుంది. అందులో ఒకాయన, బ్లాక్ అండ్ వైట్‌లో, పిల్లలతో నిండిన హాల్లో నిలబడి సంగీతానికి అర్థం ఏమిటో చెబుతుంటాడు. ఈవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. సినిమా సంగతి అటుంచితే, ఆ క్యాసెట్లో ఆయనెవరా అని వెతకడం మొదలుపెట్టాను. ఆదివారం మొత్తం దానికే పోయింది. మధ్యలో అమ్మ ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే, "ఒక కండక్టరు గురించి చదువుతున్నానమ్మా" అన్నాను. "ఏ డిపో నాన్నా?" అంది.

ఆయన పేరు లెనర్డ్ బెర్న్‌స్టైన్ (1918-1990).

ముందే చెప్పేస్తున్నా, పాశ్చాత్య సంగీతంలో నా పరిజ్ఞానం సున్నాకి కాస్త ఎగువన ఉంటుంది. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం క్లాసుకి పంపిస్తే జంట స్వరాల దాకా వచ్చి పారిపోయినవాణ్ణి. కాబట్టి ఈ టపాలో సంగీతం తక్కువ, మనిషి ఎక్కువ.

అసలు ఆర్కెస్ట్రాలో కండక్టరు ఏం చేస్తాడు? ఒక్క స్వరమూ వాయించడు. చేతులు ఊపుతాడు, చప్పట్లు మాత్రం ఆయనకే. (ఇక్కడ మీకు మీ ప్రాజెక్టు మేనేజరు గుర్తొస్తే తప్పు నాది కాదు.) మన కచేరీలో పాడేవారు ముందు నడిస్తే వయొలినూ మృదంగమూ వెంట నడుస్తాయి. నలుగురైదుగురు, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనిపిస్తుంది. వందమంది కూర్చున్న చోట అది కుదరదు. వెనక వరసలో బాకా ఊదేవాడికి ముందు వరసలో వయొలిన్ సరిగా వినిపించదు. ప్రతివాడి ముందూ వాడి భాగం మాత్రమే రాసిన కాగితం ఉంటుంది. మొత్తం కృతి రాసిన పుస్తకం ఉండేది ఒక్క కండక్టరు దగ్గరే. ఎంత వేగం, ఎవరు పైకి రావాలి, ఎవరు తగ్గాలి అన్నది రిహార్సల్లో ఆయన తేలుస్తాడు. కచేరీ రోజున ఊపే చేతులు గుర్తు చేయడానికి.

మన కథానాయకుడి తల్లిదండ్రులు ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి అమెరికా వలసొచ్చిన యూదులు. తండ్రి శామ్యూల్‌కి బ్యూటీ పార్లర్లకి సామాన్లు సరఫరా చేసే వ్యాపారం, కొడుకు అది చూసుకుంటే చాలని ఆశ. పిల్లాడికి పదేళ్ళప్పుడు మేనత్త క్లారా తన పియానో వీళ్ళింట్లో పెట్టింది. అంతే, ఇక వాడు దాన్ని వదల్లేదు. తండ్రి మొదట్లో పాఠాలకి డబ్బులివ్వనన్నాడు. కుర్రాడు వీధిలో తనకన్నా చిన్న పిల్లలకి పియానో నేర్పి, ఆ డబ్బులు తన టీచరుకి కట్టాడు. అంటే ఈయన నేర్చుకోవడం, నేర్పడం దాదాపు ఒకేసారి మొదలయ్యాయన్నమాట. తర్వాత హార్వర్డులో డిగ్రీ (1939), ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రిట్జ్ రైనర్ దగ్గర కండక్టింగు, 1940 నుంచి వేసవిలో టాంగిల్‌వుడ్‌లో సెర్జ్ కుసెవిట్‌స్కీ దగ్గర శిష్యరికం. బెర్న్‌స్టైన్ అన్న యూదు పేరుతో పైకి రాలేవు, పేరు మార్చుకోమని ఆ గురువుగారే సలహా ఇచ్చాడు. ఈయన మార్చుకోలేదు.

1943లో ఇరవై అయిదేళ్ళకి న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో అసిస్టెంట్ కండక్టరుగా చేరాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ రిసోర్సు. అసలు కండక్టరుకి ఏమైనా అయితే ఎక్కడానికి సిద్ధంగా ఉండాలి, మామూలుగా ఎవరికీ ఏమీ కాదు. ఆ ఏడాది నవంబరు 13 రాత్రి ఒక గాయని ఈయన రాసిన పాటలు కచేరీలో పాడింది. ఆ సంబరంలో చాలా పొద్దుపోయేదాకా మేలుకున్నాడు. పొద్దున్నే ఫోను: ఆరోజు రావాల్సిన బ్రూనో వాల్టర్‌కి ఫ్లూ, మధ్యాహ్నం కార్నెగీ హాల్లో కచేరీ నువ్వే చేయాలి. రిహార్సల్ లేదు. పైగా సీబీఎస్ రేడియోలో దేశమంతా ప్రత్యక్ష ప్రసారం. ఆ ప్రోగ్రాములో రిచర్డ్ స్ట్రాస్ రాసిన 'డాన్ కిహోటే' అనే కష్టమైన కృతి కూడా ఉంది. (ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.) మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఈయన వార్త వచ్చింది.

ఈ కథ చాలామందికి తెలుసు, సినిమా కథలా ఉంటుంది కాబట్టి. నన్ను పట్టుకున్నది ఇది కాదు. సరిగ్గా పదకొండేళ్ళ తర్వాత, అదే తారీఖున, 1954 నవంబరు 14న జరిగింది.

ఆరోజు 'ఆమ్నిబస్' అనే టీవీ కార్యక్రమంలో ఈయన బీథోవెన్ అయిదో సింఫనీ గురించి మాట్లాడాడు. స్టూడియో నేల మీద ఆ సింఫనీ నొటేషను మొదటి పేజీని పెద్దగా పెయింటు చేయించాడు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరస. వాయిద్యకారుల్ని వాళ్ళ వాళ్ళ వరసల మీద నిలబెట్టాడు. అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాల మొదలుకి బీథోవెన్ వాడుకున్నది తీగ వాయిద్యాల్నీ క్లారినెట్లనీ మాత్రమే. అక్కర్లేని వాళ్ళని ఒక్కొక్కళ్ళనే పక్కకి పంపించేస్తే మిగిలింది ఏమిటో కంటికి కనిపించింది. సంగీతం చదవడం రానివాడికి కూడా, కృతి రాయడమంటే ఏం ఉంచాలో ఏం తీసెయ్యాలో తేల్చుకోవడమని ఒక్క నిమిషంలో అర్థమైపోయింది.

అంతటితో ఆగలేదు. బీథోవెన్ నోటు పుస్తకాల్లో రాసి కొట్టేసిన ముక్కలు చాలా మిగిలాయి. ఆయన వద్దనుకున్న ఆ వరసల్ని తీసి, ఆర్కెస్ట్రాకి రాయించి, సింఫనీలో అవి ఉండాల్సిన చోట పెట్టి వాయించి వినిపించాడు. 'ఇది పెట్టి ఉంటే ఇలా ఉండేది, ఎందుకు తీసేశాడో ఇప్పుడు తెలిసిందా' అన్నట్టు. గిట్‌లో ఎవరో డిలీట్ చేసిన బ్రాంచిలన్నీ మళ్ళీ చెకౌట్ చేసి, బిల్డ్ చేసి, రన్ చేసి చూపించినట్టు! పూర్తయిన కోడ్ చూపించి "ఎంత బాగుందో చూడండి" అనే పాఠాలు నాలుగేళ్ళు ఇంజనీరింగు కాలేజీలో విన్నాను. అది అలాగే ఎందుకుంది, వేరేలా రాస్తే ఎక్కడ విరిగిపోయేది అని ఒక్కరూ చూపించలేదు. (నేను కూడా మొదటి వారం అదే పని చేశాను, ఒప్పుకుంటున్నా.)

'ఆమ్నిబస్'లో జాజ్ గురించీ, కండక్టింగు గురించీ, బాక్ గురించీ ఇంకా కొన్ని చేశాడు. 1957 సెప్టెంబరులో 'వెస్ట్ సైడ్ స్టోరీ' బ్రాడ్వేలో మొదలైంది. సంగీతం ఈయనదే. 1958లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌కి మ్యూజిక్ డైరెక్టరయ్యాడు. అమెరికాలో పుట్టినవాడు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. (అన్నట్టు అదే కుర్చీలో 1978 నుంచి 1991 దాకా కూర్చున్నది మన బొంబాయి మనిషి జుబిన్ మెహతా.) అంత పెద్ద ఉద్యోగం వచ్చినవాడు ముందు ఏం చేస్తాడు? పేరు నిలబెట్టే సింఫనీలు, విదేశీ టూర్లు. అవీ చేశాడు. కానీ 1958 జనవరి 18న, వచ్చిన కొద్ది రోజులకే, కార్నెగీ హాల్లో పిల్లల కచేరీని టీవీలోకి తెచ్చాడు. పిల్లల కచేరీలు ఆ సంస్థలో 1920ల నుంచీ ఉన్నవే. టీవీలోకి తెచ్చి, తానే రాసి, తానే చెప్పి, తానే కండక్ట్ చేయడం కొత్త. అలా 1972 దాకా 53 కార్యక్రమాలు చేశాడు.

మొదటి దాని పేరుకి అర్థం 'సంగీతానికి అర్థం ఏమిటి?' అని. రొస్సీనీ రాసిన 'విలియం టెల్' ఒవర్చర్ చివరి భాగంతో మొదలవుతుంది. అది ఆ రోజుల్లో 'లోన్ రేంజర్' అనే కౌబాయ్ సీరియల్‌కి టైటిల్ మ్యూజిక్. పిల్లలందరికీ గుర్రాలు కనిపించాయి. కానీ రొస్సీనీ ఇటలీవాడు, ఆయనకి అమెరికా కౌబాయ్‌ల ఊసే తెలీదు, మరి ఆ గుర్రాలు ఎక్కణ్ణుంచొచ్చాయి? తర్వాత ఇంకో కృతి వినిపిస్తూ ఒక కథ చెప్పాడు. జైల్లో ఉన్న అమాయకుడైన స్నేహితుణ్ణి సూపర్‌మ్యాన్ విడిపించుకొచ్చే కథ. సంగీతం దానికి అచ్చంగా అతికింది. అప్పుడు నిజం బయటపెట్టాడు: స్ట్రాస్ రాసింది సూపర్‌మ్యాన్ గురించి కాదు, పిచ్చి పట్టిన ముసలి వీరుడు డాన్ కిహోటే గురించి. అదే సంగీతం ఇంకోసారి, ఇంకో కథతో. అదీ అతికింది. రెండు కథలూ అతికాయంటే అర్థం కథలో లేదు, స్వరాల్లోనే ఉందన్నమాట.

1943లో తనకి జాతకం మార్చిన కృతే అది. ఆ కచేరీ గురించి చెప్పుకుని మురిసిపోవచ్చు. ఈయన దాన్ని పట్టుకొచ్చి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఒక తప్పుడు కథ అంటించి, ఆ కథని వాళ్ళ ముందే ఊడబీకాడు. మనకి ఎవరికైనా కొత్త విషయం చెప్పాలంటే ముందు చేసేది పోలిక వెతకడం. ఏపీఐ అంటే హోటల్లో వెయిటరు, డేటాబేస్ అంటే బీరువా. వినేవాడు తల ఊపుతాడు, మనం సంతోషిస్తాం, వాడికి వెయిటరు తప్ప ఏపీఐ తెలీదు. బెర్న్‌స్టైన్ పోలికలు బోలెడు వాడతాడు, కానీ వాడిన పోలికని పిల్లల చేతుల్లో వదిలేసి వెళ్ళిపోడు. ఈ ఒక్క కార్యక్రమం నేను అయిదుసార్లు చూసుంటాను.

విషయాలు కూడా ఏమంత పిల్లల విషయాలు కావు. ఆర్కెస్ట్రేషన్ అంటే ఏమిటి, సొనాటా నిర్మాణం ఎలా ఉంటుంది, స్వరాల మధ్య దూరాలు ఎలా పనిచేస్తాయి. 1966లో 'మోడ్ అంటే ఏమిటి?' అని ఒకటి చేశాడు. గిటారు వాయిస్తున్న పద్నాలుగేళ్ళ కూతురు జేమీకి వచ్చిన సందేహంతో అది మొదలవుతుంది. అందులో బీటిల్స్, కింక్స్ పాటలు పియానో మీద తనే వాయిస్తూ గరగరలాడే గొంతుతో పాడతాడు (గొంతు విషయంలో ఆయనా నేనూ ఒకటే). మనవాళ్ళకి ఈ పాఠం సగం ముందే తెలుసు. ఆయన మిక్సోలిడియన్ అన్న దాని స్వరాలు మన హరికాంభోజివి, డోరియన్ అంటే ఖరహరప్రియవి. రాగానికీ మోడ్‌కీ తేడాలున్నాయి గానీ, మెట్లు అవే. చిన్నప్పుడు మా మాస్టారు "ఇది ఖరహరప్రియ, పాడు" అంటే పాడాను. ఒక మెట్టు మారితే మొత్తం మొహం ఎలా మారిపోతుందో ఈయన చూపించేదాకా పట్టించుకోలేదు.

ఇదంతా అలవోకగా మాట్లాడినట్టు ఉంటుంది. స్క్రిప్టు మాత్రం పసుపు రంగు కాగితాల ప్యాడ్ మీద పెన్సిలుతో తనే రాసేవాడు. ప్రొడ్యూసరు రోజర్ ఇంగ్లాండర్, ఇంకో ముగ్గురు నలుగురు సహాయకులు కూర్చుని ప్రతి వాక్యం మీదా వాదించేవాళ్ళు, నిడివి చూసి కోసేవాళ్ళు. 1961లో అమెరికా ప్రసారాల కమిషన్ చైర్మన్ న్యూటన్ మినో టీవీని పెద్ద బంజరు భూమి అని తిట్టిపోశాడు. ఆ తర్వాత సీబీఎస్ వాళ్ళు ఈ పిల్లల కచేరీలని కొన్నేళ్ళపాటు సాయంత్రం ప్రైమ్ టైములోకి మార్చారు. సొనాటా నిర్మాణం మీద పాఠం, ప్రైమ్ టైములో! మన చానెళ్ళలో ఊహించుకోండి.

ఇక ఖర్చు సంగతికొద్దాం. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇదే.

ఆయన తనని తాను ముందుగా స్వరకర్త అనుకునేవాడు. 'వెస్ట్ సైడ్ స్టోరీ' తర్వాత ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి. అందరూ తర్వాతిది ఏంటని ఎదురుచూస్తున్నారు. 1958 నుంచి 1969 దాకా, ఫిల్హార్మోనిక్‌లో ఉన్న పదకొండేళ్ళలో ఆయన పూర్తి చేసిన పెద్ద రచనలు రెండే: 'కడిష్' సింఫనీ (1963), 'చిచెస్టర్ సామ్స్' (1965). రెండోది కూడా ఒక ఏడాది సెలవు పెట్టాక వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు హెరాల్డ్ షోన్‌బర్గ్ ఏళ్ళ తరబడి ఈయన గెంతులనీ విన్యాసాలనీ ఎత్తిపొడిచాడు. స్వరకర్తలేమో కండక్టింగులో పడి పాడైపోయాడన్నారు, గంభీరమైన కండక్టర్ల అభిమానులేమో టీవీలో పడి పాడైపోయాడన్నారు. రాయలేకపోతున్నానన్న దిగులు ఆయనకీ చివరిదాకా ఉంది. పాఠాలు చెప్పినందువల్ల ఏమీ పోలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. పోయింది. ఇంకో 'వెస్ట్ సైడ్ స్టోరీ' పోయుండొచ్చు.

ఇంకో మచ్చ కూడా చెప్పాలి. దేశంలోని పిల్లలందరికీ పాఠం చెబుతున్న ఆ వేదిక మీద కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళు, మగవాళ్ళు. 1962లో చేరిన వయొలినిస్టు శాన్‌ఫర్డ్ ఆలెన్ ఆ ఆర్కెస్ట్రాలో మొదటి నల్లజాతి సభ్యుడు. 1966లో డబుల్ బాస్ వాయించే ఓరిన్ ఓబ్రయన్ పూర్తికాలపు సభ్యుల్లో మొదటి మహిళ (ఆమె మీద తీసిన లఘు డాక్యుమెంటరీకి 2025లో ఆస్కార్ వచ్చింది). 1969లో ఇద్దరు నల్లజాతి వాయిద్యకారులు తమకి అన్యాయం జరిగిందని నగర మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. ఆడిషన్ల విషయంలో కమిషన్ వాళ్ళ వాదన ఒప్పుకోలేదు గానీ, తాత్కాలికంగా వాయించేవాళ్ళని పిలవడంలో వివక్ష ఉందని తేల్చింది. వివక్ష లేదని బెర్న్‌స్టైన్ తన సంస్థ తరఫున మాట్లాడాడు. ఆయన మంచివాడే, కానీ సంస్థ అధిపతి కుర్చీలోంచి చూస్తే కనపడనివి కొన్ని ఉంటాయి.

అదే పిల్లల కచేరీలో 1963 జనవరిలో పదహారేళ్ళ ఆండ్రె వాట్స్‌ని పరిచయం చేశాడు. తండ్రి నల్లజాతి అమెరికన్ సైనికుడు, తల్లి హంగరీ మనిషి. లిస్ట్ రాసిన పియానో కాన్చెర్టో వాయించాడు. రెండు వారాల తర్వాత మామూలు కచేరీకి రావాల్సిన గ్లెన్ గూల్డ్‌కి ఒంట్లో బాగోలేదు. బెర్న్‌స్టైన్ ఆ కుర్రాణ్ణే పిలిపించాడు. బ్యాకప్ రిసోర్సు కష్టం తెలిసినవాడు మరి.

ప్రతి పాఠమూ అద్భుతమని కూడా అనను. 1973లో హార్వర్డులో ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. నోమ్ చామ్స్కీ భాషాశాస్త్రాన్ని తీసుకుని సంగీతానికి కూడా అలాంటి వ్యాకరణం ఉందని నిరూపించబోయాడు. చామ్స్కీ అంటే మనకి థర్డ్ ఇయర్ ఆటోమేటా పేపర్లో టైప్-0 నుంచి టైప్-3 దాకా పీక్కుతిన్న ఆయనే. స్వరం అంటే వర్ణం, ఫ్రేజ్ అంటే పదం, ఇలా ఒకదానికొకటి జతపరుస్తూ పోయాడు. పండితులు బాగానే ఉతికారు. నాకూ రెండో ఉపన్యాసం మధ్యలో ఎక్కడో తేడా కొట్టింది: పదిహేనేళ్ళ క్రితం పిల్లల ముందు సూపర్‌మ్యాన్ కథని ఊడబీకినవాడు, ఇక్కడ పెద్దల ముందు తన పోలికతో తానే ప్రేమలో పడ్డాడు. అయితే ఆ ఉపన్యాసాలు రేపిన ఆలోచనతోనే లెర్డాల్, జాకెన్‌డాఫ్ అనే ఇద్దరు పని మొదలుపెట్టి 1983లో సంగీత వ్యాకరణం మీద గట్టి సిద్ధాంతమే రాశారు. తప్పుగా చెప్పిన పాఠం కూడా ఒక్కోసారి అలా పనికొస్తుంది, పాఠం చెప్పినవాడికి ఆ పేరు రాదనుకోండి.

1972లో ఆఖరి పిల్లల కచేరీ. హోల్స్ట్ రాసిన 'ప్లానెట్స్'. హోల్స్ట్ రాసేనాటికి ప్లూటోని కనిపెట్టలేదు, కాబట్టి అందులో ప్లూటో లేదు. బెర్న్‌స్టైన్ ఆర్కెస్ట్రాని ప్లూటో మీద అప్పటికప్పుడు కల్పించి వాయించమన్నాడు! నొటేషను లేకుండా, వందమంది. విన్నాను, గోలగోలగా ఉంది, పిల్లలకి పండగే. (2006లో ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేశారు, అది వేరే సంగతి.)

ఈ కచేరీలు చూసిన పిల్లల్లో మారిన్ ఆల్సప్ అనే అమ్మాయి ఒకతె. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న తీసుకెళ్తే, బెర్న్‌స్టైన్‌ని చూసి నేను కండక్టరునవుతానంది. తర్వాత టాంగిల్‌వుడ్‌లో ఆయన దగ్గరే నేర్చుకుంది. 2007లో బాల్టిమోర్ సింఫనీకి మ్యూజిక్ డైరెక్టరై, ఒక పెద్ద అమెరికన్ ఆర్కెస్ట్రాని నడిపిన మొదటి మహిళయింది. మర్నాటి ఏడాదే బాల్టిమోర్ బస్తీ పిల్లలకి సంగీతం నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది.

1990లో బెర్న్‌స్టైన్ జపాన్‌లోని సప్పోరోకి వెళ్ళాడు. యువ సంగీతకారుల కోసం పెట్టిన కొత్త ఉత్సవం. ముందు బీజింగులో అనుకున్నది, 1989 తియనాన్మెన్ ఘటన తర్వాత అక్కడికి మార్చారు. అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయి. ప్రారంభంలో లేచి మాట్లాడుతూ, మిగిలిన కాలం ఏం చేయాలా అని ఆలోచించానని చెప్పాడు. పియానో వాయించడమా, కండక్టింగా, రచనా అని బేరీజు వేసుకుని, దేవుడిచ్చిన మిగతా సమయంలో ఎక్కువ భాగం చదువు చెప్పడానికే అని తేల్చుకున్నానన్నాడు. ఆ టూరు పూర్తి చేయలేకపోయాడు. ఆగస్టు 19న టాంగిల్‌వుడ్‌లో ఆఖరి కచేరీ, బీథోవెన్ ఏడో సింఫనీ మూడో భాగంలో దగ్గు తెరలు ముంచుకొచ్చి, కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు. ఆర్కెస్ట్రా ఆగలేదు. ఆయనా ఆఖరుదాకా చేశాడు. అక్టోబరు 14న పోయాడు, 72 ఏళ్ళు.

నా రెజ్యూమె ఇంకా నౌక్రీలో ఉంది, తీసెయ్యలేదు. బ్యాచ్‌లో ఇరవై రెండు మంది. సోమవారం రికర్షన్ చెప్పాలి. కిందటిసారి బొమ్మలో బొమ్మ, అద్దంలో అద్దం అని పోలికలు చెప్పి వదిలేశాను. ఈసారి తప్పుగా రాసిన ప్రోగ్రాములు నాలుగు తయారు చేసుకున్నాను, ముందు వాటినే రన్ చేయిస్తాను. మూడోది స్టాక్ ఓవర్‌ఫ్లో అయ్యి మెషీనే బిగుసుకుపోతోంది, దాన్ని కాస్త సరిచేయాలి. ఉంటాను మరి :)